బగ్‌లను ఆపడానికీ, పట్టుకోవడానికీ ఏ సాధనం ఎక్కడ పనికొస్తుంది?

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లలో యాప్‌లను కూల్చివేసింది. జ, పొల్లు, ఞ, ఆ తరువాత కంటికి కనిపించని ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’, చివర దీర్ఘం: ఈ అయిదు యూనికోడ్ సంకేతాలు ఇదే వరుసలో ఉన్న సందేశాన్ని తెరమీద చూపబోయిన యాప్ క్రాష్ అయ్యేది. ఐఓఎస్ 11.2.5లో ఉన్న ఈ లోపాన్ని ఆపిల్ ఆ నెలలోనే 11.2.6 విడుదలతో సరిచేసి, అక్షరాలను పేర్చే కోర్‌టెక్స్ట్ భాగంలో మెమరీ చెడిపోవడం దీనికి కారణమని ప్రకటించింది. తెలుగు రాసేవారు సాధారణంగా ఆ వరుసను టైపు చేయరు. అందువల్ల తెలుగు బాగా వచ్చిన టెస్టర్ రోజంతా కూర్చుని సందేశాలు పంపుకుంటూ పోయినా అది బయటపడే అవకాశం తక్కువ. భాష ఏమాత్రం తెలియకుండా, యూనికోడ్ సంకేతాలను ఎలా పడితే అలా కలిపి లక్షల సార్లు పంపే ఒక ఫజ్జర్‌కు మాత్రం అది దొరకదగిన లోపమే.

బగ్‌ల నివారణకు ఏ సాధనం మంచిదని అడిగేవారికి నేరుగా జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. జల్లెడ పరిమాణాన్ని బట్టి వేరు చేస్తుంది, చాట బరువును బట్టి వేరు చేస్తుంది. బియ్యపు గింజంత రాయి ఎంత మంచి జల్లెడలోనైనా మిగిలే ఉంటుంది. ప్రతి సాధనానికీ అది పుట్టుకతోనే చూడలేని ఒక రకం తప్పు ఉంటుంది కనుక, సాధనాల గొప్పలను పోల్చుకోవడం కంటే, మీ ప్రోగ్రాముకు నిజంగా నష్టం తెచ్చే తప్పు ఏ రకానిదో ముందు తేల్చుకుని, ఆ తప్పును చూడలేని సాధనాన్ని పక్కన పెట్టడం సులభమైన దారి. డబ్బూ సమయమూ తక్కువగా ఉండే ఒంటరి ప్రోగ్రామర్లనూ చిన్న జట్లనూ దృష్టిలో పెట్టుకుని ఈ పోలిక సాగుతుంది.

ప్రోగ్రామ్ నడవకముందే దొరికేవి

అన్నిటికంటే చవకైనవి, రాసిన కోడ్‌ను యంత్రం నడపగల రూపంలోకి మార్చే కంపైలర్ ఇచ్చే హెచ్చరికలు. 2014 ఫిబ్రవరిలో బయటపడిన ఆపిల్ ‘గోటూ ఫెయిల్’ లోపంలో, సర్వర్ సంతకాన్ని పరీక్షించే సీ కోడ్‌లో, వేరే చోటికి దూకమని చెప్పే ఒకే గోటూ వాక్యం పొరపాటున రెండుసార్లు పడింది. రెండోది ఏ షరతుకూ లోబడనిది కావడంతో, దాని తరువాత ఉన్న అసలు పరీక్ష ఎన్నడూ నడవకుండానే ‘అంతా సరిగానే ఉంది’ అన్న ఫలితం వెళ్లిపోయేది. చేరలేని కోడ్‌ను చూపించే హెచ్చరిక క్లాంగ్ కంపైలర్‌లో అప్పటికే ఉండేది గాని, దాన్ని విడిగా కోరి తెప్పించుకోవాలి. 2016లో వచ్చిన మరో కంపైలర్ జీసీసీ 6 ఇటువంటి మోసపుచ్చే ఇండెంటేషన్ గురించి మామూలు హెచ్చరికల జాబితాలోనే చెప్పడం మొదలుపెట్టింది. కాబట్టి కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టే రోజునే హెచ్చరికలన్నీ తెరిచి, హెచ్చరిక వస్తే బిల్డ్ ఆగిపోయేలా అమర్చుకోవడం గురించి పెద్దగా ఆలోచించవలసిన పని లేదు. పదేళ్ల పాత కోడ్‌లో అదే పని చేస్తే వేల హెచ్చరికలు ఒక్కసారిగా మీద పడి, నెల తిరగకముందే ఎవరో ఒకరు వాటిని పూర్తిగా మూసేస్తారు. అక్కడ కొత్తగా మారిన ఫైళ్లకు మాత్రమే ఆ నియమం పెట్టడం మేలు.

ఏ విలువ సంఖ్యో, ఏది పాఠమో కోడ్‌లోనే ప్రకటించే టైపుల విషయంలో వాదనలు ఎక్కువ, కొలతలు తక్కువ. ఉన్న కొద్ది కొలతల్లో 2017 నాటి ఒక అధ్యయనం ఉపయోగపడుతుంది: బహిరంగంగా ఉన్న జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల నుంచి 400 బగ్‌లను తీసుకుని, వాటికి టైపులు రాసి చూస్తే, జావాస్క్రిప్ట్‌కు టైపులు చేర్చే టైప్‌స్క్రిప్ట్ గాని ఫ్లో గాని సుమారు 15 శాతాన్ని ముందే పట్టుకోగలిగేవని అందులో తేలింది. 15 శాతం అంటే తక్కువని కొట్టిపారేయవచ్చు. కాని అవి అప్పటికే టెస్టులూ సమీక్షలూ దాటుకుని కోడ్‌లో చేరిపోయిన బగ్‌లని గుర్తుంచుకుంటే ఆ సంఖ్య బరువు తెలుస్తుంది. ఒక్కరే రాసి, ఒక్కరే వాడి, వారంలో పారేసే పైథాన్ స్క్రిప్టుకు టైపులు రాయడం వృథా. ఇద్దరు ముగ్గురు చేయి పెట్టే కోడ్‌కు అవి తప్పనిసరి అని నా అభిప్రాయం.

సీ, సీ++ భాషల్లో రాయబోయేవారికి ఇంకొక ప్రశ్న ఎదురవుతుంది: అసలు ఆ భాషలో రాయవలసిన అవసరం ఉందా? తాము సరిచేసే భద్రతా లోపాలలో సుమారు 70 శాతం మెమరీకి సంబంధించినవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. తీవ్రమైన భద్రతా లోపాల విషయంలో క్రోమియం ప్రాజెక్టు లెక్కా అంతే వచ్చింది. మెమరీ తప్పులను కంపైలరే అడ్డుకునే రస్ట్ వంటి భాషలో రాస్తే ఆ తరగతి దాదాపు మొత్తంగా తొలగిపోతుంది కనుక, బయటి నుంచి వచ్చే ఫైళ్లనో నెట్‌వర్క్ ప్యాకెట్లనో చదివే కొత్త భాగానికి అదే మొదటి ఎంపిక కావాలి. ఉన్న లక్ష పంక్తుల సీ కోడ్‌ను తిరగరాయమనడం మాత్రం సలహా కాదు. తిరగరాసే కోడ్ తన సొంత బగ్‌లను వెంటతెచ్చుకుంటుంది.

ప్రోగ్రామ్‌ను నడపకుండా కోడ్‌ను చదివి తప్పులు వెతికే, విడిగా కొనే స్టాటిక్ ఎనలైజర్ల గురించి అభిప్రాయాలు జట్టు జట్టుకూ మారతాయి. సోర్స్ కోడ్‌కు సుమారు 590 రెట్ల టెస్ట్ కోడ్ ఉన్న ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ రచయితలు, ఎనలైజర్లు కనిపెట్టిన బగ్‌ల కంటే హెచ్చరికలను మాన్పే ప్రయత్నంలో కొత్తగా పుట్టిన బగ్‌లే తమ కోడ్‌లో ఎక్కువని తమ డాక్యుమెంటేషన్‌లో రాసుకున్నారు. అంత పరీక్షించని కోడ్‌కు ఆ అనుభవం వర్తించదు. టెస్టులే లేని ప్రాజెక్టులో ఎనలైజర్ మొదటి పరుగులోనే నిజమైన నల్ పాయింటర్ తప్పులు (ఖాళీ చిరునామాను వాడటం) కొన్నిటిని చూపిస్తుంది. ఆ మొదటి పంట కోసిన తరువాత దాని దిగుబడి త్వరగా పడిపోతుంది.

టెస్టులు ఎంతవరకు

కోడ్‌లోని చిన్న భాగాలను విడిగా పరీక్షించే యూనిట్ టెస్టులు రాయవద్దని ఎవరూ అనరు కనుక, వాటి హద్దు ఎక్కడుందో చెప్పడమే ఇక్కడ ఉపయోగం. క్రమంలో ఉన్న జాబితాను సగాలుగా చీలుస్తూ వెతికే బైనరీ సెర్చ్‌లో, జావా లైబ్రరీలో, ఒక లోపం సుమారు తొమ్మిదేళ్లు దాగి ఉండి, 2006లో జాషువా బ్లాక్ దాని గురించి రాయడంతో అందరికీ తెలిసింది. దిగువ హద్దునూ ఎగువ హద్దునూ కూడి రెండుతో భాగించి మధ్య స్థానాన్ని లెక్కించే ఆ పంక్తి, అరేలో (విలువల వరుసలో) 107 కోట్లకు పైగా అంశాలు ఉన్నప్పుడు 32 బిట్ల పూర్ణాంకపు హద్దు దాటి రుణసంఖ్యను ఇచ్చేది. దిగువ హద్దుకు వాటి తేడాలో సగాన్ని కూడితే ఆ చిక్కు ఉండదు. ఈ లోపం టెస్టులకు దొరకకపోవడానికి కారణం ఎవరి అశ్రద్ధా కాదు: అంత పెద్ద అరేతో టెస్ట్ రాయాలని ఎవరికీ తోచదు, తోచినా ఆ కాలపు యంత్రాల్లో అది నడిచేది కాదు. కాగితం మీద ఆ పద్ధతి సరైనదని నిరూపించినవారికి కూడా అది కనపడదు, ఎందుకంటే గణితంలో పూర్ణాంకాలకు హద్దు ఉండదు.

కోడ్ రాసినవారే టెస్టులు రాస్తే, కోడ్‌లో ఉన్న ఊహే టెస్టుల్లోకీ వస్తుంది. ఈ ఇబ్బందికి కొంత విరుగుడు ప్రాపర్టీ ఆధారిత టెస్టింగ్. 2000లో హాస్కెల్ భాషకు వచ్చిన క్విక్‌చెక్‌తో ఇది ప్రాచుర్యం పొందింది. పైథాన్‌లో హైపోథెసిస్ అనే లైబ్రరీ ఇదే పని చేస్తుంది. ఇన్‌పుట్‌నూ రావలసిన జవాబునూ మీరు చేతితో రాయడానికి బదులు, ఎప్పుడూ నిజం కావలసిన ఒక నియమాన్ని రాస్తారు: పేరును డేటాబేస్‌లో దాచి తిరిగి చదివితే అదే పేరు రావాలి, క్రమంలో పెట్టిన జాబితాను మళ్లీ క్రమంలో పెడితే మారకూడదు. ఇన్‌పుట్‌లను లైబ్రరీయే వందల సంఖ్యలో పుట్టించి, తప్పినదాన్ని వీలైనంత చిన్నదిగా కుదించి చూపిస్తుంది. తెలుగు పాఠంతో పనిచేసే కోడ్‌కు ఇది ప్రత్యేకంగా పనికొస్తుంది. ‘తెలుగు’ అనే మాట చదివేవారికి మూడు అక్షరాలు, యూనికోడ్‌లో ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. పేరును ఇరవై బైట్లకో ఇరవై సంకేతాలకో కత్తిరించే ఫంక్షన్ ఇంగ్లిష్ పేర్లతో రాసిన టెస్టులన్నీ దాటేసి, తెలుగు పేరు రాగానే గుణింతపు గుర్తును దాని హల్లు నుంచి విడదీస్తుంది. లెక్కలు, మార్పిడులు, సీరియలైజేషన్ (డేటాను దాచడానికీ పంపడానికీ వీలైన రూపంలోకి మార్చడం) ఎక్కువగా ఉన్న చోట యాభై మామూలు టెస్టుల కంటే అయిదు ప్రాపర్టీలను నేను ఇష్టపడతాను. నియమం ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పలేని చోట, ఉదాహరణకు తెర ఎలా కనపడాలన్న విషయంలో, అవి దండగ.

శానిటైజర్లు, ఫజ్జింగ్: రెండూ కలిస్తేనే

ఎంపికలో ఎక్కువ సమయం పెట్టవలసిన చోటు ఇదే. సీ, సీ++ ప్రోగ్రామ్ నడుస్తుండగా మెమరీ తప్పులను పట్టడానికి రెండు దారులు ఉన్నాయి. 2002 నుంచి ఉన్న వాల్‌గ్రైండ్‌కు మళ్లీ కంపైల్ చేయవలసిన అవసరం లేదు. సోర్స్ మీ చేతిలో లేని లైబ్రరీ ఉన్నా పనిచేస్తుంది. మొదటి విలువ ఇవ్వని మెమరీని వాడటాన్నీ కనిపెడుతుంది. దానికి చెల్లించే ధర వేగం: ప్రోగ్రామ్ ఇరవై, ముప్పై రెట్లు నెమ్మదిస్తుంది. ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీ అయిన స్టాక్ మీద ఉన్న అరేల హద్దులు దాటడం కూడా దాని మెమరీ తనిఖీ సాధనం మెమ్‌చెక్‌కు కనపడదు. గూగుల్‌లో తయారై 2012లో వెలువడిన అడ్రస్ శానిటైజర్ కంపైలర్ ద్వారానే కోడ్‌లో తనిఖీలు చొప్పిస్తుంది. నెమ్మదించడం సుమారు రెండు రెట్లే, స్టాక్ హద్దులూ చూస్తుంది, కాని మొదటి విలువ లేని మెమరీ గురించి ఏమీ చెప్పదు. దానికోసం మెమరీ శానిటైజర్ విడిగా ఉంది. అయితే అది క్లాంగ్‌తోనే వస్తుంది, వాడే లైబ్రరీలన్నీ దానితో మళ్లీ కంపైల్ కావాలి. ఒకే ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో నడిచే థ్రెడ్ల మధ్య పోటీని పట్టే థ్రెడ్ శానిటైజర్ అయిదు నుంచి పదిహేను రెట్లు నెమ్మదిస్తుంది. ఈ మూడింటినీ ఒకే బిల్డ్‌లో కలపడం కుదరదు. సోర్స్ ఉంటే రోజువారీ టెస్టులన్నీ అడ్రస్ శానిటైజర్ బిల్డ్ మీద నడపండి. వాల్‌గ్రైండ్‌ను విడుదలకు ముందు ఒకసారి నడిపితే చాలు. థ్రెడ్లు వాడే ప్రోగ్రామ్ అయితే, ‘పదిసార్లు నడిపాం, రాలేదు’ అన్న మాటకు విలువ లేదు కనుక, వారానికొకసారైనా థ్రెడ్ శానిటైజర్ అవసరం.

శానిటైజర్‌కు ఉన్న పెద్ద బలహీనత ఏమిటంటే, ప్రోగ్రామ్ నడిచిన దారినే అది చూస్తుంది. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ అనే లోపాన్ని తీసుకుంటే విషయం తేటపడుతుంది. ఇంటర్నెట్ సంభాషణను గుప్తీకరించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ 1.0.1తో 2012లో వచ్చిన ఆ కోడ్, అవతలి కంప్యూటర్ ‘నేను పంపిన సందేశం ఇంత పొడవు’ అని చెప్పిన మాటను నమ్మి, అంత మేరకు మెమరీని తిరిగి పంపేది. అబద్ధం చెప్పినవారికి ఒక్కో విన్నపానికి 64 కిలోబైట్ల వరకు సర్వర్ మెమరీ దొరికేది. నిజం చెప్పే ఇన్‌పుట్‌లతో ఎన్ని టెస్టులు నడిపినా, శానిటైజర్ పక్కనే ఉన్నా, ఏమీ జరగదు. అబద్ధపు పొడవును పంపే ఫజ్జర్ ఒక్కటే ఉన్నా ఏమీ తెలియదు, ఎందుకంటే హద్దు దాటి చదవడం వల్ల ప్రోగ్రామ్ క్రాష్ కావలసిన అవసరం లేదు. 2015లో హన్నో బెక్ ఏఎఫ్‌ఎల్ ఫజ్జర్‌నూ అడ్రస్ శానిటైజర్‌నూ జతచేసి నడిపి, ఈ జంటకు హార్ట్‌బ్లీడ్ కొన్ని గంటల్లో దొరికేదని చూపించాడు. ఒకటి దారులను వెతుకుతుంది, రెండోది ఆ దారిలో జరిగిన తప్పును గుర్తిస్తుంది. విడివిడిగా వీటిని పోల్చి ఒకదాన్ని ఎంచుకోవాలని చూడటమే పొరపాటు.

ఫజ్జింగ్ శక్తికి ఇంకొక సాక్ష్యం మళ్లీ ఎస్‌క్యూలైటే. టెస్టులు కోడ్‌లో ఎంత భాగాన్ని నడిపాయో చెప్పేది కవరేజ్; ప్రతి షరతునూ రెండు వైపులా నడిపి చూసే కఠినమైన కవరేజ్ కొలతలో నూరు శాతం సాధించిన ఆ ప్రోగ్రాములో, ఏఎఫ్‌ఎల్ రచయిత మిహావ్ జలెవ్‌స్కీ 2015లో ఫజ్జింగ్‌తో క్రాష్ చేసే ఇన్‌పుట్‌లను ఇరవైకి పైగా బయటికి తీశాడు. కవరేజ్ సంఖ్యను లక్ష్యంగా పెట్టుకునే మేనేజర్లు ఈ సంగతి గమనించాలి: పంక్తి నడిచిందని చెప్పే సంఖ్య, అది అన్ని విలువలతోనూ సరిగా నడిచిందని చెప్పదు.

అయితే ఫజ్జర్‌కు ‘తప్పు’ అంటే క్రాష్. జీఎస్టీని 18 శాతానికి బదులు 12 శాతంతో లెక్కించే బిల్లింగ్ ప్రోగ్రామ్ ఎన్నడూ క్రాష్ కాదు. అక్కడ ఫజ్జర్‌ను నెలల తరబడి నడిపినా విద్యుత్ బిల్లు తప్ప ఏమీ మిగలదు. ఒకే పనిని చేసే రెండు అమలులు మీ దగ్గర ఉంటే మాత్రం వాటి జవాబులను పోల్చుతూ నడపవచ్చు. సీస్మిత్ అనే సాధనం యాదృచ్ఛిక సీ ప్రోగ్రాములను పుట్టించి, వాటిని వేర్వేరు కంపైలర్లకిచ్చి ఫలితాలను సరిపోల్చింది. దాని రచయితలు 2011 నాటికి జీసీసీ, ఎల్‌ఎల్‌వీఎం వంటి కంపైలర్లలో 325కు పైగా బగ్‌లను ఇలాగే నమోదు చేశారు. పాత బిల్లింగ్ కోడ్‌ను కొత్త భాషలోకి మార్చే జట్లకు ఇంతకంటే అనువైన పద్ధతి నాకు కనపడదు.

సాధనం చూపినదాన్ని ఎలా చదవాలన్నది సాధనం ఎంపికంత ముఖ్యం. 2006లో డెబియన్ అనే లినక్స్ సిస్టమ్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీని చూసుకునేవారు, మొదటి విలువ లేని మెమరీ వాడుతున్నారని వాల్‌గ్రైండ్ వంటి సాధనాలు చేస్తున్న ఫిర్యాదును మాన్పడానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ యాదృచ్ఛిక సంఖ్యల భాగంలో ఒకేలా కనిపించే రెండు పంక్తులను తీసేశారు. ఒకటి పోయినా నష్టం లేదు. రెండోది యాదృచ్ఛికతను చేర్చే అసలు దారి. దాంతో గుప్తీకరణకు వాడే తాళపుచెవుల తయారీకి, నడుస్తున్న ప్రోగ్రామ్‌కు సిస్టమ్ ఇచ్చే ప్రాసెస్ సంఖ్య ఒక్కటే ఆధారంగా మిగిలి, ఒక్కో రకానికి 32,768కి మించి వేర్వేరు తాళపుచెవులు పుట్టలేని స్థితి ఏర్పడింది. 2008 మేలో బయటపడేదాకా డెబియన్, ఉబుంటు యంత్రాల్లో ఆ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో తయారైన తాళపుచెవులన్నీ ఊహించదగినవే. ఫిర్యాదు అబద్ధం కాదు, దానికి చేసిన మందే తప్పు. హెచ్చరికను ఎందుకు వచ్చిందో తెలుసుకోకుండా మాన్పే అలవాటున్న జట్టు కొత్త సాధనం కొనకపోవడమే మంచిది.

మనుషుల కన్ను, గణితపు రుజువు

కోడ్ సమీక్షను బగ్‌లు పట్టే సాధనంగా లెక్కవేసేవారు దానిని తప్పు చోట వాడుతుంటారు. హద్దు దాటిన సూచికను యంత్రం మనిషికంటే బాగా పడుతుంది. ‘ఇది అసలు మనం చేయవలసిన పనేనా’ అన్న ప్రశ్న యంత్రానికి రాదు. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి ఎగిరిన అరియాన్ 5 రాకెట్ నలభై సెకన్లు కూడా గడవకముందే దారితప్పి పేలిపోయింది. 64 బిట్ల దశాంశ విలువను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చే కోడ్ అరియాన్ 4 నుంచి యథాతథంగా వచ్చింది. ఆ పాత రాకెట్ వేగాలకు ఆ విలువ ఎప్పుడూ హద్దు దాటేది కాదు. ప్రమాదం ఉన్న ఏడు విలువల్లో నాలుగింటికే రక్షణ పెట్టి, ప్రాసెసర్ మీద భారం తగ్గించడానికి మూడింటిని తెలిసి తెలిసి వదిలేశారు. ఏ యూనిట్ టెస్టూ, ఏ టైపూ చెప్పలేని ఆ సంగతిని కొత్త రాకెట్ ప్రయాణపు లెక్కలను ముందుంచుకున్న సమీక్షో, ఆ లెక్కలతో నడిపిన సిమ్యులేషనో చెప్పగలిగేది. సమీక్షకులను శైలి దోషాల మీద కూర్చోబెట్టకండి. ఆ పనిని ఫార్మాటర్‌కు వదిలి, మార్పును చిన్నదిగా ఇచ్చి, దాని వెనక ఉన్న ఊహలను ప్రశ్నించమనండి.

కోడ్ సరైనదని గణితంతో నిరూపించే రుజువులకు ఖర్చు ఎక్కువ, కాని అవి ఊహాలోకపు వస్తువులు కావు. 2009లో పూర్తయిన ఎస్‌ఈఎల్4 అనే కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగంలో) సుమారు 8,700 పంక్తుల సీ కోడ్‌కు సుమారు రెండు లక్షల పంక్తుల రుజువు రాయవలసి వచ్చింది. చిన్నదీ, అరుదుగా మారేదీ, విఫలమైతే ప్రాణాలో కోట్ల రూపాయలో పోయేదీ అయిన భాగానికే ఇంత శ్రమ తగుతుంది. 2015లో కీ అనే రుజువు సాధనంతో జావాలో జాబితాలను క్రమంలో పెట్టే టిమ్‌సార్ట్‌ను నిరూపించబోయిన పరిశోధకులకు అందులో నిజమైన లోపమే ఎదురైంది. కోట్ల సార్లు నడిచిన కోడ్ కూడా అరుదైన వరుసకు అరే హద్దు దాటేది. వెబ్‌సైట్లూ మొబైల్ యాప్‌లూ రాసే చిన్న జట్టు రుజువుల జోలికి పోనవసరం లేదు.

ఏ పరిస్థితికి ఏది

పైథాన్‌లోనో జావాస్క్రిప్ట్‌లోనో వెబ్ సేవ నడిపేవారు టైపులు, ముఖ్యమైన లెక్కలకు ప్రాపర్టీ టెస్టులు, చిన్న మార్పుల సమీక్ష ఇంతవరకు తెచ్చుకుంటే, మిగిలిన సమయాన్ని లాగ్‌లు బాగా రాయడానికి పెట్టడం మంచిది. బయటి ఫైళ్లను చదివే సీ లైబ్రరీ ఉన్నవారు మిగతావన్నీ ఆపి అయినా అడ్రస్ శానిటైజర్, ఫజ్జర్ జంటను ముందు నిలబెట్టుకోవాలి. అది బహిరంగ సోర్స్ అయి ఎక్కువమంది వాడేదైతే, 2016లో మొదలైన గూగుల్ ఓఎస్‌ఎస్-ఫజ్ సేవకు దరఖాస్తు చేసుకోవచ్చు, దానికి రుసుము లేదు. భారతీయ భాషల పాఠాన్ని చూపించే కోడ్ అయితే ఫజ్జర్‌కు ఇచ్చే ప్రారంభ నమూనాల్లో ఒత్తులూ, గుణింతాలూ, జాయినర్, నాన్ జాయినర్ సంకేతాలూ ఉండేలా చూడండి. ఇంగ్లిష్ నమూనాలతో మొదలైన ఫజ్జర్ ఆ దారుల్లోకి చేరడానికి చాలా కాలం పడుతుంది.

టెస్టులు లేని పాత కోడ్ చేతికొచ్చినవారి పరిస్థితి వేరు. అక్కడ సరైన జవాబు ఏమిటో ఎవరికీ తెలియదు కనుక, ఇప్పుడు ప్రోగ్రామ్ ఇస్తున్న జవాబులనే కొన్ని వందల నిజమైన ఇన్‌పుట్‌లకు నమోదు చేసి, ప్రతి మార్పు తరువాతా వాటితో సరిపోల్చండి. ‘పోయిన నెలలో పనిచేసేది, ఇప్పుడు పనిచేయడం లేదు’ అన్న ఫిర్యాదు వస్తే కోడ్ చదవడం మొదలుపెట్టకుండా, కోడ్ మార్పుల చరిత్రలో దోషిని వెతికే గిట్ బైసెక్ట్ నడపండి. ప్రతిసారీ మార్పుల్లో సగాన్ని పక్కన పెట్టే పద్ధతి కాబట్టి వెయ్యి కమిట్‌ల (నమోదైన మార్పుల) మధ్య ఉన్న దోషి పది మెట్లలో దొరుకుతుంది. అయితే ప్రతి కమిట్ విడిగా బిల్డ్ కాగలిగి ఉండాలి. విరిగిన కమిట్‌లను మధ్యమధ్యలో చేర్చే జట్టుకు బైసెక్ట్ దోషిని కచ్చితంగా చూపలేకపోవచ్చు.